మంచు పొరలలోని మర్మము

మన తెలుగులో ‘మంచు’ అనునది ఒక్కటే మాట. ధనుర్మాసపు తెల్లవారుజామున వరిచేలపై పరచుకొను తెల్లని తెర మంచు. గడ్డిపరక కొనపై నిలిచిన నీటిబొట్టు మంచు. హిమాలయ శిఖరములపై ఏడాది పొడుగునను మెరయునదియు మంచే. ఇన్నిటికిని ఒక్క మాటయే చాలినదనగా మంచుతో మనకు గల పరిచయము ఎంత స్వల్పమో తెలియుచున్నది. ఆకాశమునుండి మంచు కురియుటను ‘హిమపాతము’ అందురు. కురిసి పేరుకొన్న మంచు కొండవాలు మీదనుండి ఒక్కుమ్మడిగా విరిగిపడుటకును పత్రికలయందు పలుమారు ఆ మాటయే వాడబడుచుండును. కాని ఈ రెండింటికి నడుమ వానకును వరదకును గల భేదము కలదు. కనుక ఈ ప్రసంగమున మొదటిదానిని హిమపాతమనియు, రెండవదానిని, అనగా ఇంగ్లీషువారు ‘అవలాంచి’ యను దానిని, మంచుచరియ యనియు వ్యవహరింతము.

మంచుకొండలు మనకు ఎంతో దూరమున నున్నవి. అచ్చట చరియ విరిగిన మనకేమి యని కొందరు అనుకొనవచ్చును. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, 19,600 అడుగుల ఎత్తున నున్న సోనమ్ అను కావలి స్థావరముపై మంచు విరిగిపడెను. మద్రాసు రెజిమెంటు 19వ పటాలమునకు చెందిన పదిమంది దానిక్రింద చిక్కుకొనిరి. వారిలో అధికులు దక్షిణ రాష్ట్రములవారు; ఒకరు మన కర్నూలు జిల్లావారు. ఆరు దినముల పిమ్మట లాన్సునాయక్ హనుమంతప్ప కొప్పడ్ సుమారు 25 అడుగుల లోతునుండి ప్రాణములతో వెలికి వచ్చినపుడు దేశమంతయు ఆశపడినది. కాని ఫిబ్రవరి 11వ తేదీన ఢిల్లీలో ఆయనయు కన్నుమూసెను. పదిమందిలో ఒక్కరును మిగులలేదు.

సైనికులొక్కరే కాదు. కాలినడక యాత్రలకై, మంచుపై జారు క్రీడలకై శీతకాలమున మనాలికి, ఉత్తరకాశికి, గుల్‌మార్గ్‌కు పోవు యువతీయువకులు నేడు మన పట్టణములనుండి పెక్కురు కలరు. పిల్లలు పోదుమన్నపుడు చలికి ఉన్ని బట్టలు సర్దుట మన ఇండ్లలో తల్లిదండ్రులకు తెలిసిన పని. ఆ కొండవాలున పొంచియుండు ముప్పు ఎట్టిదో కూడ కొంత తెలిసియుండుట మంచిది. ఏలయన, మంచుచరియ కారణము లేకుండ నెత్తిన పడు పిడుగు కాదు. దానికి కారణము దినముల ముందే, ఒక్కొక్కపుడు నెలల ముందే, మంచు పొరల నడుమ సిద్ధమై యుండును. దానిని కదల్చునది తరచుగా మనిషి అడుగే.

పొరలు ఏర్పడు విధము

శీతకాలమున పశ్చిమ హిమాలయములకు మంచును తెచ్చునవి మధ్యధరా సముద్ర ప్రాంతమునుండి తూర్పుగా పయనించివచ్చు వాయుమండలపు అలజడులు. వీనిని పశ్చిమ విక్షోభములందురు. పంజాబునందు గోధుమపైరుకు శీతకాలపు వాన నిచ్చునవియు ఇవియే. ఒక్కొక్క విక్షోభము వచ్చిపోవునపుడు కొండపై ఒక్కొక్క పొర మంచు పడును. రెండింటి నడుమ కొన్నాళ్ళు ఎండ కాయును, గాలి వీచును, చలి ముదురును. పై పొర గట్టిపడుటయో, మెత్తబడుటయో, గరుకెక్కుటయో జరుగును. అంతలో మరియొక పొర దానిని కప్పివేయును. పాత ఇంటి గోడకు ప్రతి సంక్రాంతికిని వేసిన సున్నపు పూతలవలె, మంచునందు ఆ యేటి వాతావరణ చరిత్ర యంతయు పొరలు పొరలుగా నిలిచియుండును.

క్రొత్తగా పడిన మంచు మిక్కిలి తేలిక. ఒక ఘనమీటరు నీరు 1000 కిలోగ్రాములు తూగగా, అంతే పరిమాణముగల క్రొత్త మంచు సాధారణముగా 50 మొదలు 100 కిలోగ్రాములే తూగును. మిగిలినదంతయు గాలియే. ఆరు కొమ్మల నక్షత్రములవంటి మంచురేకులు ఒకదానిపై నొకటి చిక్కుకొని నిలుచుటచే అది దూదివలె గుల్లగా నుండును. కొన్ని గంటలకు, కొన్ని దినములకు ఆ కొమ్మలు అరిగిపోయి గుండ్రని రేణువులగును. రేణువు రేణువును అంటుకొనును. పొర క్రుంగి గట్టిపడును. చలి మితముగా నున్నపుడు జరుగు మార్పు ఇది. ఇట్లు గట్టిపడిన మంచు నమ్మదగినది.

పంచదార పొర

అన్ని వేళల ఇట్లే జరిగినచో ఇంత భయమే లేకపోవును. కాని మంచు అడుగున ఎవరికిని కనబడకుండ మరియొక మార్పు జరుగుటయు కలదు. భూమిలోని వేడిమిచే మంచు అడుగు భాగము సాధారణముగా సున్న డిగ్రీలకు చేరువలో నుండును. పై భాగమును గాలి చల్లబరచును. అడుగున వెచ్చన, పైన చల్లన అయినపుడు అడుగు రేణువులనుండి నీటి ఆవిరి బయలుదేరి పైకి ప్రాకును. ఈ భేదము మీటరు మందమునకు 10 డిగ్రీలను మించినపుడు గుండ్రని రేణువులు కరగకయే రూపు మారి, కోణములు తేలిన పలుకులగును. ఒకదానినొకటి అంటుకొనియుండుట మానివేయును. అట్టి మంచును గుప్పిట పట్టి చూచినచో ముద్ద కట్టదు. పంచదారవలె వ్రేళ్ళసందులనుండి జారిపోవును.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూడవలెను. మంచుపైన చలి సున్నకు 15 డిగ్రీలు దిగువ నున్నదనుకొందము. మంచు మందము మూడు మీటర్లయినచో భేదము మీటరుకు 5 డిగ్రీలే. రేణువులు గట్టిగానే అంటుకొనును. మందము అరమీటరే అయినచో భేదము మీటరుకు 30 డిగ్రీలగును. పంచదార పొర త్వరలోనే తయారగును. అనగా చలి ఒక్కటే అయినను, పలుచగా పడిన మంచులోనే బలహీనత ఎక్కువ. ‘ఈ ఏడు మంచు కొంచెమే పడినది, కనుక భయము కొంచెమే’ అనుకొనుట పొరపాటు. చలికాలపు ఆరంభమున కొద్దిగా పడి, వారముల తరబడి చలికి ఎండిన మంచుపై తరువాత భారీ హిమపాతము వచ్చినచో, ఇసుకపై కట్టిన గోడయే అగును.

హిమాలయమంతట ఒకే తీరు లేకుండుటకును కారణమిదియే. కాశ్మీరమునకు దక్షిణముననున్న పీర్ పంజాల్ శ్రేణిలో చలి కొంత తక్కువ, మంచు ఎక్కువ. అచ్చట చరియలు ఎక్కువగా హిమపాతము జరుగుచున్నపుడును, ఆగిన మరుసటి ఒకటి రెండు దినములందును పడుచుండును. లడఖ్, కారకోరము ప్రాంతములలో మంచు పలుచన, చలి తీవ్రము. అచ్చట పంచదార పొర నెలల తరబడి చెక్కుచెదరక యుండును. ఆకాశము నిర్మలముగానున్న దినమునగూడ అపాయము తొలగదు.

తుషారము, గాలి

బలహీనపు పొర అడుగుననే పుట్టవలెనను నియమము లేదు. విశాఖ మన్యమున లంబసింగి వంటి చోట్ల చలి మిక్కిలి ముదిరిన ఉదయములలో గడ్డిపై తెల్లని పొడివలె తుషారము పట్టుటను కొందరైన చూచియుందురు. గాలి లేని నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు వదలి చల్లబడగా, గాలిలోని తేమ నేరుగా మంచుగా మారి అంటుకొనుటచే అది యేర్పడును. మంచుకొండలపై ఈ తుషారము ఈకలవంటి పెద్ద పెద్ద రేకులుగా పెరుగును. ఎండలో తళతళలాడు ఆ రేకులు చూచువారికి అందముగనే యుండును. కాని వానిపై మరియొక హిమపాతము వచ్చి మెల్లగా కప్పినపుడు, నిలువుగానున్న ఆ సన్నని రేకులే పై బరువునంతయు మోయవలసివచ్చును. అవి ఎపుడు ఒరిగిపోవునో చెప్పలేము.

పై బరువును పెంచుటలో గాలికి మించినది లేదు. గాలి వీచు ప్రక్కనుండి మంచును ఊడ్చుకొనిపోయి, శిఖరపు ఆవలి ప్రక్కన, గాలిచాటున కుమ్మరించును. ఆకాశమునుండి పడు మంచుకంటె ఎన్నో రెట్లు వేగముగా గాలి ఒకచోట మంచును పోగుచేయగలదు. మార్గమధ్యమున రేకులు పొడియైపోవుటచే ఇట్లు చేరిన మంచు గట్టి పలకవలె కుదురుకొనును. శిఖరపు అంచున ఇంటి చూరువలె మంచు ముందుకు పొడుచుకొనివచ్చియున్నచో, దాని దిగువ వాలున గాలి మంచును పోసినదని గ్రహింపవలెను. ఆ చూరుపై నిలుచుట, దాని క్రింద నడచుట, రెండును ప్రమాదకరములే.

ధాన్యపు రాశియు, గోడ పెచ్చును

మంచుచరియలు ముఖ్యముగా రెండు విధములు. కళ్ళములో ధాన్యము రాశిగా పోయునపుడు ఒక గింజ జారి, దానితో పది గింజలు, వానితో నూరు గింజలు జారుటను మనము ఎరుగుదుము. వదులుగానున్న మంచు ఇట్లే ఒక బిందువువద్ద మొదలై దిగువకు పోనుపోను వెడల్పగును. ఇది సాధారణముగా చిన్నది.

రెండవది గోడ పెచ్చు వంటిది. పెచ్చు ఊడుటకు ముందు గోడ పైకి నిక్షేపముగనే కనబడును. లోపల చెమ్మ చేరి పట్టు సడలియుండును. ఒక మూల తట్టగానే మంచమంత పెచ్చు ఒక్కసారిగా ఊడిపడును. మంచునందును అంతే. పైన గట్టి పలక, దాని క్రింద బలహీనపు పొర. ఆ పొర ఒకచోట కూలగానే ఆ కూలుడు పొర వెంబడి కనురెప్పపాటులో వ్యాపించును. పై పలకకు ఆధారము పోయి, ఎగువన అడ్డముగా గీత గీసినట్లు పగులు తెరచుకొని, వాలునందలి మంచు యావత్తు ఒకేమారు కదలును. ఆ పగులు తరచుగా మనిషి నిలిచినచోట గాక, అతనికి ఎగువనే పడును. కనుక అతడు అంచున నుండడు. కదలుచున్న పలక నడుమ నుండును. కొలది సెకనులలో అది గంటకు 100 కిలోమీటర్లను మించిన వేగమును అందుకొనగలదు. ప్రాణములు తీయు చరియలలో అత్యధికము ఈ రెండవ తెగవే.

వాలు లెక్క

మంచు ఎంత పాడైనను, వాలు లేనిదే చరియ కదలదు. 30 మొదలు 45 డిగ్రీల వాలులందే పెచ్చు చరియలు ఎక్కువగా మొదలగును. మన యిండ్లలోని మేడమెట్ల వాలు ఇంచుమించు 30, 35 డిగ్రీలుండును. అనగా మెట్లంత నిటారుగానున్న కొండవాలు ఏదియైనను అనుమానింపదగినదే. అంతకంటె మిక్కిలి నిటారైన కొండగోడలపై మంచు నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవును. తక్కువ వాలుపై జారుట అరుదు. అయితే ఇందొక మెలిక యున్నది. ఎగువనున్న నిటారు వాలున మొదలైన చరియ దిగువనున్న చదునుమీదికి, లోయలోనికి ఎంతో దూరము పరుగెత్తివచ్చును. మనము నిలిచిన చోటు చదునుగా నున్నది గదాయని ధీమా పడరాదు. తలపైన ఏమున్నదో చూడవలెను.

మనిషి అడుగు

ఐరోపా, ఉత్తర అమెరికా దేశములలో విహారమునకై కొండల కేగినవారు ప్రాణములు కోల్పోయిన సందర్భములను పరిశీలింపగా, పదింట సుమారు తొమ్మిదింటిలో చరియను కదల్చినవారు ఆ ప్రమాదమునకు గురియైనవారో, వారి జట్టువారో అయియుండిరి. ఇందు విస్మయమేమియు లేదు. ఒక మనిషి బరువు మంచులో దాదాపు ఒక మీటరు లోతువరకు ఒత్తిడి కలిగింపగలదు. బలహీనపు పొర అంతకు పైననే యున్నచో అడుగు దానికి తగులును. మంచు మందముగా నున్నచోట తగలక, రాళ్ళదగ్గర, అంచులదగ్గర పలుచగా నున్నచోట తగులును. కావుననే నలుగురు సురక్షితముగా దాటిన వాలుపై అయిదవవాడు అడుగు వేయగానే చరియ కదలుట జరుగుచున్నది. ముందు పోయినవారి అడుగుజాడలు దారిని చూపును గాని, క్షేమమునకు హామీ యీయవు.

శిక్షణ పొందువారికిని, ఇచ్చువారికిని సైతము ఈ విషయమున మినహాయింపు లేదు. 2010వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన గుల్‌మార్గ్‌వద్ద సైన్యపు పర్వతయుద్ధ పాఠశాలకు చెందిన 17 మంది చరియక్రింద పడి మరణించిరి. 2022వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఉత్తరకాశి నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన బృందము ‘ద్రౌపదీ కా డాండా’ శిఖరముపై చరియకు చిక్కి 29 మందిని కోల్పోయినది. ధైర్యమును, దేహబలమును మంచు లెక్కచేయదు.

కొండ చెప్పు గుర్తులు

ఇంత ముప్పు దాచియుంచినను, కొండ కొన్ని గుర్తులను చెప్పకపోదు. వానిలో మొదటిది, చుట్టుప్రక్కల అట్టి వాలులపైననే ఇటీవల చరియలు పడియుండుట. దీనిని మించిన సాక్ష్యము లేదు. రెండవది, అడుగు వేయగనే మంచు ఒక్కసారిగా క్రుంగి, లోపలినుండి ‘హుఫ్’ మని నిట్టూర్పువంటి శబ్దము వచ్చుట. బలహీనపు పొర అప్పుడే కూలినదనియు, నేల చదునుగా నుండబట్టి బ్రదికితిమనియు దాని అర్థము. మూడవది, కాలినుండి మంచుపై పగుళ్ళు బాణములవలె దూసికొనిపోవుట. నాలుగవది, ఒక దినములో 30 సెంటిమీటర్లకు మించిన హిమపాతము, లేదా బలమైన గాలి. అయిదవది, చలి తటాలున తగ్గి ఎండ ముదురుట. వసంతమున మధ్యాహ్నమునకు మంచు కరగి నీరు లోనికి ఇంకినచో తడి చరియలు జారును. కనుకనే అనుభవజ్ఞులు అట్టి వాలులను తెల్లవారకముందే, మంచు బిగిసియుండగనే దాటుదురు.

పొరలను కన్నులార చూచుటకును మార్గము కలదు. వాలున నిలువుగా గొయ్యి త్రవ్వి, దాని గోడను చూతురు. గట్టి పొరలు, మెత్తని పొరలు వ్రేలితో నొక్కగానే తెలియును. పిమ్మట 30 సెంటిమీటర్ల పొడవు, 30 సెంటిమీటర్ల వెడల్పు గల మంచు స్తంభమును నాలుగు ప్రక్కల కోసి విడదీసి, దానిపై పార నుంచి చేతితో తట్టుదురు. మణికట్టును ఆడించి పదిమార్లు, మోచేతినుండి పదిమార్లు, భుజమునుండి పదిమార్లు తట్టుట పద్ధతి. మొదటి కొద్ది తట్టులకే స్తంభము నడుమ తెగి, పై భాగము సొరుగువలె ముందుకు జారివచ్చినచో ఆ వాలును విడిచిపెట్టవలసినదే. అయితే ఒకచోట జారలేదని కొండయంతయు భద్రమని తలపరాదు. పది అడుగుల అవతల పొరలు వేరుగా నుండవచ్చును. పరీక్ష ఫలితము ‘వలదు’ అని చెప్పినపుడు నమ్మవలెను. ‘సరే’ అని చెప్పినపుడు మాత్రము మిగిలిన గుర్తులనుగూడ చూడవలెను.

మన దేశమున ఈ శాస్త్రమునకు 1969లో మనాలియందు స్థాపితమైన మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ పునాది వేసినది. 2020లో అది రక్షణ పరిశోధన విభాగపు మరియొక ప్రయోగశాలతో కలిసి, చండీగఢ్ కేంద్రముగా నున్న రక్షణ భూసమాచార పరిశోధనా సంస్థగా రూపొందినది. శీతకాలమున ఈ సంస్థ హిమాలయ ప్రాంతములకు చరియల హెచ్చరికలను జారీచేయును. పెక్కు దేశములలో ఈ హెచ్చరికలకు ఒకటి మొదలు అయిదు వరకు అంచెలు కలవు. ఇందు గమనింపదగినది మూడవ అంచె. నాలుగు, అయిదు అంచెలని వినగానే జనులు ఇల్లు కదలరు. మూడవది నడుమ నున్నది గనుక ‘పరవాలేదు’ అనిపించును. కాని విహారులు ప్రాణములు కోల్పోవు దినములలో అధికము ఈ మూడవ అంచె దినములే.

పది నిమిషముల గడువు

కదలుచున్నపుడు నీటివలె ప్రవహించిన మంచు, ఆగినంతనే సిమెంటువలె బిగిసిపోవును. లోపల చిక్కినవాడు వ్రేలైనను కదల్పలేడు. మంచులో గాలి కొంత యుండును గాని, తాను విడిచిన ఊపిరినే మరల పీల్చుకొనవలసివచ్చుటచే కొద్దిసేపటికే స్పృహ తప్పును. స్విట్జర్లాండున దశాబ్దముల తరబడి కూర్చిన లెక్కలనుబట్టి, పూర్తిగా కప్పబడినవారిలో మొదటి పది నిమిషములలో వెలికి వచ్చినవారు పదింట తొమ్మండుగురు బ్రదికిరి. అరగంట గడచునప్పటికి ఆ సంఖ్య పదింట మువ్వురకు పడిపోయినది. హనుమంతప్ప ఆరు దినములు ప్రాణములతో నుండుట అపూర్వము. దానిని చూచి ఎవరును ఆశపెట్టుకొనరాదు.

ఈ పది నిమిషములలో హెలికాప్టరు రాదు, సైన్యము రాదు. రక్షింపగలవాడు ప్రక్కనున్న తోడివాడే. అతని చేతిలో మూడు సాధనములుండవలెను. కప్పబడినవాని జాడ తెలుపు రేడియో పరికరము ఒకటి. మంచులోనికి గ్రుచ్చి లోతును చూచు పొడవైన మడతకడ్డీ రెండవది. త్రవ్వుటకు పార మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును చాలవు.

రేడియో పరికరమును గురించి మన రేడియో శ్రోతలకు కొంత విడమరచి చెప్పుదుము. దీనిని 1968 ప్రాంతమున అమెరికాలో జాన్ లాటన్ అను ఇంజనీరు తొలుత రూపొందించెను. నేటి పరికరములన్నియు 457 కిలోహెర్ట్జుల వద్ద పనిచేయును. మన యింటి రేడియోలో మీడియం వేవు ఇంచుమించు 530 వద్ద ఆరంభమగునుగదా; దానికి కొంచెము దిగువ నన్నమాట. జట్టులోని ప్రతివాడును దీనిని ఛాతీకి కట్టుకొని నడచును. అది సెకనుకొక మారు చొప్పున చిన్న సంకేతమును పంపుచుండును. ప్రమాదము జరిగినంతనే మిగిలినవారు తమ పరికరములను పంపుటనుండి వినుటకు మార్చుకొందురు. ట్రాన్సిస్టరును బల్లపై ఒక ప్రక్కకు త్రిప్పినపుడు ధ్వని హెచ్చి, మరియొక ప్రక్కకు త్రిప్పినపుడు తగ్గుటను మీరు గమనించియుందురు. లోపలి ఫెర్రైటు కడ్డీ దిక్కునుబట్టి అట్లగును. ఈ పరికరములందును అట్టి కడ్డీలే యుండును. క్రొత్త వానిలో మూడు కడ్డీలు మూడు దిక్కులకు అమర్చియుండుటచే దిక్కును, దూరమును అవియే చూపును. అయినను పరికరము కొన్నంత మాత్రమున చాలదు. ఇంటిదగ్గర ఇసుకలోనో, తోటలోనో దాచి వెదకు అభ్యాసము ముందే చేసియుండవలెను. చేతులు వణకు వేళ నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

ముందుచూపు

జనులు నివసించుచోట, రహదారులందు చరియలను ఎదుర్కొనుటకు కంచెలు, పైకప్పు దారులు, సొరంగములు నిర్మించుచున్నారు. 2020వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ప్రారంభమైన అటల్ సొరంగము, రోహ్‌తాంగ్ కనుమ క్రిందుగా 9 కిలోమీటర్లు సాగి, శీతకాలమున మంచుచే మూతపడు ఆ కనుమను ఎక్కవలసిన అగత్యమును తప్పించినది. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఉత్తరాఖండమున మాణా గ్రామమువద్ద రహదారి కార్మికుల శిబిరముపై చరియ పడినపుడు, 54 మందిలో 46 మంది బ్రదికి బయటపడిరి, ఎనిమిదిమంది మరణించిరి. వారిలో పెక్కురు లోహపు పెట్టెలవంటి గదులలో నుండుటచే లోపల ఊపిరికి చోటు మిగిలినది. అయినను శిబిరమును ఎచ్చట వేయవలెననునది మంచు పడకముందే తేల్చుకొనవలసిన ప్రశ్న.

కొండల కేగు విహారికి మాత్రము సొరంగమును లేదు, కంచెయు లేదు. అతనికి గల రక్షణ తన వివేకమొక్కటే. సాధనములన్నియు చరియ పడిన పిదప ఉపకరించునవి. వివేకము పడకముందే కాపాడునది. దూరమునుండి వచ్చితిమనియు, సెలవులు అయిపోవుచున్నవనియు, రుసుము చెల్లించితిమనియు, శిఖరము ఎదుటనే కనబడుచున్నదనియు, జట్టులో తాము పిరికివారనిపించుకొందుమేమో యనియు తలచి ముందుకు సాగినవారిని మంచు ఎందరినో కప్పివేసినది. ఈ కారణములలో ఏ ఒక్కటియు పొరల బలమును గురించినది కాదు.

కనుక మీ యింటినుండి ఎవరైనను శీతకాలమున మంచుకొండలకు బయలుదేరునపుడు నాలుగు ప్రశ్నలడుగుడు. ఆనాటి చరియల హెచ్చరికను చూచితిరా? మీరు పోవు దారిలో గాని, దానిపైన గాని మెట్లంత నిటారైన వాలున్నదా? జట్టులో ప్రతివానివద్దను రేడియో పరికరము, కడ్డీ, పార యున్నవా, వానిని వాడుట అభ్యాసమైనదా? దారి బాగులేదని తోచినపుడు వెనుకకు మరలుదమని చెప్పగలవాడు, చెప్పిన విని మరలగల పెద్ద మీ జట్టులో నున్నారా? మొదటి మూడింటికి సమాధానములు పుస్తకములలో, అంగళ్ళలో దొరకును. నాలుగవదానికి సమాధానము దొరకనిచో, ఆ యాత్రను మరియొక ఏటికి వాయిదా వేయుట మేలు. కొండ అచ్చటనే యుండును. వచ్చే ఏడు పోయినను దర్శనమిచ్చును.